మూతకున్న కన్నం

మా అమ్మ బతికే ఉందని యేడాదికోసారి కాగితం రాయించి ఇవ్వాలి. మనిషి ఎదురుగా కూర్చుని కాఫీలో పంచదార చాల్లేదని సణుగుతున్నా సరే, ఆ కాగితం లేకపోతే నాన్న తాలూకు పింఛను ఆగిపోతుంది. ఈసారి ఆఫీసులో కుర్రాడు నాన్నగారి పాత కాగితం కూడా ఒకటి జతచెయ్యమన్నాడు. ఏ కాగితం నాయనా అంటే, ఏదైనా పర్లేదు మేడమ్ అన్నాడు. ముప్పై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన దాన్ని, "ఏదైనా" అనే జవాబు నా ఒంటికి పడదు. వాణ్ణీ వాడి ఆఫీసునీ తిట్టుకుంటూ ఇంటికొచ్చి, అటక మీంచి నాన్న ఇనప్పెట్టె దింపించి, చాప వేసుకుని విప్పాను.

పెట్టెలో పెద్దగా ఏమీ లేవు. అట్ట ఊడిన లైసెన్సు పుస్తకం, ఒక కాడ విరిగిన కళ్ళజోడు, ఆదివారం గుడిలో పాడుకునే పాటల పుస్తకం, ఖాకీ చొక్కాల గుండీలు పోసి దాచిన పౌడరు డబ్బా. అడుగున గళ్ళ తువ్వాలు ముక్కలో చుట్టి ఒక ఇనప మూత ఉంది. అరచేతిలో ఇమిడేంత మూత, తిప్పి బిగించడానికి లోపల మరలున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా సన్నగా నూనె వాసన. తిరగేసి చూశాను. మూత మధ్యలో సూది దూరేంత కన్నం ఉండాలి. ఆ కన్నానికి లోపలివైపున గోరంత ముద్ద ఒకటి రాయిలా బిగిసిపోయి ఉంది. సున్నం, బెల్లం కలిపి నూరిన ముద్ద. అక్కడ దాన్ని పెట్టింది నేను. నాకప్పుడు పదహారేళ్ళు. మా నాన్న చేతిలోంచి లారీని లాగేసింది ఆ గోరంత ముద్దే. ఆ సంగతి నాకు తెలిసి రెండేళ్ళయింది. ఆ మూత మా ఇంట్లోనే, నా నెత్తి మీద అటకలోనే ఉందని మాత్రం ఇప్పుడే తెలిసింది.

మా నాన్న పేరు దానియేలు. మా ఇల్లు కొత్తపేటకి మైలు దూరంలో, కాలవ పక్క పేటలో ఉండేది. కొబ్బరికాయల వ్యాపారం చేసే దొరబాబు గారి దగ్గర నాన్న లారీ డ్రైవరు. ఆయన బండెక్కే పద్ధతి చూస్తే పెళ్ళికి వెళ్తున్నాడేమో అనిపించేది. తెల్లారే స్నానం చేసి, తల దువ్వుకుని, ఉతికిన ఖాకీ చొక్కా వేసుకునేవాడు. సీటులో కూర్చున్నాక స్టీరింగు చక్రం అంతా పొడిగుడ్డతో ఒక చుట్టు తుడిచి, దాని మీద రెండు చేతులూ పెట్టి ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవాడు. ఆ తర్వాతే తాళంచెవి తిప్పడం. బడి దగ్గరా ఆస్పత్రి దగ్గరా హారను కొట్టేవాడు కాదు. రోడ్డు మీద ముసలాళ్ళెవరైనా అడ్డంగా నడుస్తుంటే వాళ్ళంతట వాళ్ళు తప్పుకునేదాకా వెనకాలే మెల్లిగా నడిపేవాడు. లోకంలో ఇంత ఓపిక పనికొస్తుందా అని మా అమ్మ విసుక్కునేది గానీ, పేటలో ఎవరింటికి వెళ్ళినా ఆ మాటే గొప్పగా చెప్పుకునేది.

ఒక వర్షాకాలం, కాయల లోడు మీద బరకం కప్పి తాడు బిగిస్తుండగా తాడు తెగింది. నాన్న పైనుంచి కుడి భుజం మీద పడ్డాడు. కట్టు కట్టినాయన మంచివాడే గానీ, ఎముక వంకరగా అతుక్కుంది. చెయ్యి రొమ్ము ఎత్తు దాటి పైకి లేచేది కాదు. ఆ రోజుల్లో లోడు లారీ స్టీరింగు తిప్పడమంటే ఒళ్ళంతా పెట్టి తిప్పాలి, భుజం మీదే బతుకు. ఇంచుమించు సంవత్సరం పాటు నాన్న ఇంట్లో ఉండిపోయాడు. పట్టపగలు ఇంట్లో నాన్న కనబడటం మాకెవరికీ అలవాటు లేదు. నేనూ తమ్ముడూ ఏదో తప్పు చేసినట్టు చప్పుడు చెయ్యకుండా తిరిగేవాళ్ళం. నూతి గిలక తాడు పట్టుకుని, నీళ్ళవసరం లేకపోయినా చేద దింపుతూ తోడుతూ ఉండేవాడు, చెయ్యి సాగుతుందని. తోడిన నీళ్ళన్నీ అరటి చెట్లకి పోసేవాడు. ఆ యేడాది మా పెరట్లో అరటి గెలలు అమోఘంగా కాశాయి. అమ్మ ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. ఆమె జీతంతోనే ఇల్లు గడిచింది. నాన్న అన్నం ముందు కూర్చుని సగం తిని లేచిపోయేవాడు.

అప్పుడొచ్చింది ఆ కొత్త బండి. కొత్తదంటే మాకు కొత్త. మా ప్రాంతంలో గ్యాసు కోసం బావులు తవ్వేవాళ్ళు పాత బళ్ళు వేలం వేస్తే దొరబాబు గారు ఒకటి పాడుకున్నారు. ముక్కు ముందుకి పొడుచుకొచ్చిన పెద్ద బండి. దానికి పవర్ స్టీరింగట. ఆ మాట కొత్తపేటలో అదే మొదలు వినడం. ఇంజను తిరుగుతుంటే దానితో పాటు ఒక చిన్న పంపు తిరిగి, నూనెని గొట్టాల్లోంచి తోసి, ఆ తోపుతో చక్రాలు తిప్పుతుందట. మనిషి ఊరికే దారి చూపిస్తే చాలట. దొరబాబు గారు కబురు చేస్తే నాన్న వెళ్ళి, లోడు బండిని ఎడం చేత్తో, కుడిచేతి రెండు వేళ్ళు ఊరికే ఆనించి, కొబ్బరి కొట్టు ఆవరణలో గుండ్రంగా తిప్పి చూపించాడట. సాయంత్రం ఇంటికి బండి మీదే వచ్చాడు. ఆ రాత్రి అన్నం రెండోసారి వడ్డించమన్నాడు. అమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మాకందరికీ ఒకటే అర్థమయింది. వేరే ఏ లారీ కూడా నాన్న ఇక నడపలేడు, ఇదొక్కటే నడపగలడు. ఈ బండి ఉన్నన్నాళ్ళే మా నాన్న డ్రైవరు.

ఆ స్టీరింగు నూనెకి పాలడబ్బా అంత డబ్బా ఒకటి ఇంజను పక్కన ఎత్తులో ఉండేది. దాని మూత తీసి, నూనె లోపలున్న గీత దాకా ఉందో లేదో పొద్దున్నే చూసుకోవాలి. నాన్న చెయ్యి అంత ఎత్తు లేవదు. అందుకని ఆ పని నాది. బంపరెక్కి, బానెట్టు కింద తల దూర్చి, మూత తిప్పి చూసి, సరిపోయింది నాన్నా అని చెప్పేదాన్ని. దానిమ్మ రసం రంగులో ఉండేది ఆ నూనె. ఇంజను వేడి, నూనె వాసన, నాన్న తలకి రాసుకున్న కొబ్బరినూనె, పక్కనే కాలవ నీచు, ఇవన్నీ కలిసిన వాసన నా ఇంటర్మీడియెట్ చదువు వాసన. తర్వాత నాన్న నన్ను కాలేజీ దగ్గర దింపి లోడుకి వెళ్ళేవాడు. లారీ దిగి కాలేజీకి వచ్చే పిల్లని నేనొక్కదాన్నే. సిగ్గుపడాలో గర్వపడాలో తెలీక రెండూ పడేదాన్ని.

మూడు నెలలు బాగా నడిచింది. తర్వాత పొద్దున్నే బండి కింద ఇసకలో ఎర్రటి చుక్కలు కనబడటం మొదలైంది. మొదటి రోజు రెండు, వారం తిరిగేసరికి అరచెయ్యంత మరక. ఎక్కణ్ణించి కారుతోందో తెలీదు. గొట్టాలన్నీ తడిగానే ఉండేవి, ఒకచోట కారి ఇంకోచోట చుక్క కట్టేది. నాన్న బండి కింద వెల్లకిలా పడుకుని చూసి చూసి, లేచి చొక్కా దులుపుకునేవాడు. అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. గొట్టాలన్నీ పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచేసి, అతుకుల మీద బియ్యప్పిండి చల్లి, ఇంజను తిప్పితే, ఎక్కడ పిండి ముందు తడుస్తుందో అక్కడే కారుతున్నట్టు లెక్క. అలాగే చేశాం. పంపు దగ్గర గొట్టం బిగించిన పట్టీ కింద పిండి గులాబీ రంగుకి తిరిగింది. నాన్న నా తల మీద చెయ్యి వేద్దామని ఎత్తబోయి, అది లేవక, వీపు మీద తట్టాడు. అమలాపురం షెడ్డులో సత్యం మేస్త్రికి ఈ కథ నాలుగుసార్లు చెప్పాడట. మా పాప కనిపెట్టిందండి, బియ్యప్పిండితోనండి అని. ఆ మెప్పే నా కొంప ముంచింది.

సత్యం మేస్త్రి పనిమంతుడే. రాజమండ్రి నుంచి కొత్త గొట్టం తెప్పించి వేశాడు, పట్టీ మార్చాడు, కారడం ఆగింది. కానీ గొట్టం విప్పినప్పుడు లోపలికి గాలి పోయింది. చక్రం తిప్పితే పంపు ఈనడానికొచ్చిన గేదెలా మూలిగేది, స్టీరింగు ఒక్కోసారి చేతిలో గుంజుకునేది. డబ్బాలో నూనె నురగ కట్టి, దానిమ్మ రసంలో మజ్జిగ కలిపినట్టు కనబడేది. మేస్త్రి కంగారు పడలేదు. ముందు చక్రాలు రెండూ జాకీలతో పైకెత్తి, ఇంజను ఆపి, స్టీరింగుని ఈ కొస నుంచి ఆ కొసకి మెల్లిగా తిప్పడం, నూనె తగ్గితే పొయ్యడం, మళ్ళీ తిప్పడం, ఇలా పూటంతా చేశాడు. చాలా మట్టుకు గాలి బయటికి పోయింది. మిగిలిన కాస్తా దాని దారిన అదే పోద్దండి, రెండ్రోజులు తిరగనివ్వండి దానియేలు గారూ అన్నాడు. ఆ మాట నాన్న ఇంటికొచ్చి అమ్మతో చెబుతుంటే నేను విన్నాను. "గాలి పట్టింది" అన్నదే నా చెవికెక్కింది. "అదే పోద్ది" అన్నది ఎక్కలేదు.

ఇక్కడ మా అమ్మ ఆవకాయ గురించి చెప్పాలి. హాస్టలు పిల్లలకి యేడాదంతా సరిపోయే ఆవకాయ వేసవిలో అమ్మే పెట్టేది. నడుమెత్తు జాడీలు ఐదో ఆరో. ఆవపిండి ఘాటు, పప్పునూనె వాసన, మూడోనాడు తిరగేసి కలిపినప్పుడు వచ్చే ఊట వాసన, ఇవన్నీ హాస్టలు వంటగది నుంచి మా ఇంటి చీరల దాకా పాకేవి. అమ్మకి ఆవకాయ శాస్త్రమంతా ఒక్కటే సూత్రం. నూనె ఉన్నచోట గాలి ఉండకూడదు. నూనె ముక్క మీద నిలబడాలి, మూత బిగుతుగా ఉండాలి, మూతి మీద గుడ్డ వాసెన కట్టాలి. గాలి చొరబడిందా, బూజే. మూత అంచు చిట్లినా, జాడీకి బీట పడినా, సున్నమూ బెల్లమూ కలిపి మెత్తగా నూరి లోపలివైపు రాసేది. ఆరితే ఆ ముద్ద రాయి. వేడికి కరగదు, నూనెకి నానదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించి చూస్తున్నదాన్ని, ఆ మర్నాడు పొద్దున్న బంపరెక్కి మూత తీసేసరికి నాకు కనబడిందేమిటి? మూత మధ్యలో, అన్నాళ్ళూ పట్టించుకోని కన్నం. డబ్బాలో నురగ. గాలి ఎక్కడినుంచి వస్తోందో ఇంత పెద్ద మేస్త్రికీ తెలీలేదే, ఎదురుగా కన్నం పెట్టుకుని ఎలా వెతుకుతున్నారో వీళ్ళంతా అనుకున్నాను. నాలుగు వేళ్ళతో మూత తుడిచి, గుప్పిట్లో పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాను. అమ్మ తమలపాకుల సున్నం, కొబ్బరుండలకని దాచిన బెల్లం. కలిపి నూరి, లోపలివైపున బొటనవేలితో నొక్కి, కుంపటి మీద ఆరబెట్టి, మళ్ళీ తెచ్చి బిగించాను. ఎవరికీ చెప్పలేదు. బాగయ్యాక చెబుదామని. బియ్యప్పిండి కథ పక్కన ఇంకో కథ చేరుతుందని నా ఆశ.

మర్నాడు మూత తిప్పగానే ఉస్సుమంది. బాగా వాసెన కట్టిన జాడీ విప్పితే సరిగ్గా అలాగే అంటుంది. ఆహా, ఎంత బాగా పట్టిందో అనుకుని మురిసిపోయాను. ఆ ఉస్సుకి అసలు అర్థం ఇప్పుడు తెలుసు. డబ్బాకి ఊపిరాడటం లేదు, అదీ ఆ చప్పుడు. నూనె లోపలికి వెళ్తే దాని చోటుకి కాస్త గాలి రావాలి. వచ్చే దారి నేను మూసేశాను. పంపు నూనె కోసం పీల్చి పీల్చి, నూనె అందక, అతుకుల్లోంచి గాలి లాక్కునేది. మూలుగు తగ్గలేదు సరిగదా, రోజురోజుకీ పెరిగింది. నేనేం చేశాను? రాసింది చాల్లేదేమోనని రెండోసారి రాశాను.

నాన్న బండిని అమలాపురం షెడ్డుకి తీసుకెళ్ళేవాడు. మేస్త్రి ముందుగా చేసేది డబ్బా మూత తీసి పక్కన పెట్టడం. నూనె చూస్తూ ఇంజను తిప్పమనేవాడు. మూత లేదు గనక డబ్బాకి గాలి ఆడేది, పావుగంటలో నురగ తేరుకునేది, స్టీరింగు రెండు వేళ్ళతో తిరిగేది. ఏమీ లేదండి, బాగానే ఉందండి అని మూత బిగించి పంపేవాడు. ముక్తేశ్వరం దాటేసరికి మళ్ళీ మూలుగు. ఇలా ఆరుసార్లో ఏడుసార్లో జరిగింది. పంపు విప్పి కడిగాడు, స్టీరింగు పెట్టె విప్పి లోపలి రబ్బరు రింగులు మార్చాడు, బెల్టు మార్చాడు. కొత్తపేటలో ఇంకో మేస్త్రి చూశాడు. రావులపాలెంలో ఒకాయన చూశాడు. ఎక్కడైనా అంతే, షెడ్డులో బంగారం, రోడ్డెక్కితే మొరాయింపు. గోదారోళ్ళ మర్యాద ఎలాంటిదంటే, మనసులో ఉన్నది మొహం మీద అనరు. కాకపోతే మేస్త్రి ఇదివరకు బండి గురించి అడిగేవాడు, ఇప్పుడు నాన్న భుజం ఎలా ఉందని అడగడం మొదలుపెట్టాడు.

నాన్నకి అది అర్థమైంది. ఇంటికొచ్చి నూతి దగ్గర గిలక తాడు పట్టుకున్నాడు మళ్ళీ. ఒక పొద్దున్న చూస్తే, పెరట్లో కొబ్బరి చెట్టుకి ఆనుకుని, కుడిచెయ్యి ముందుకి చాపి, వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ వాటినే చూస్తున్నాడు. వేళ్ళు వణుకుతున్నాయో లేదో చూసుకుంటున్నాడని నాకు తెలిసింది. స్టీరింగు గుంజుకుంటోందా, తన చెయ్యే గుంజుకుంటోందా అన్నది ఆయనకే తెలీకుండా పోయింది. చూస్తూ నిలబడ్డాను. చేతనైనదంతా చేశాననే అనుకుంటున్నాను గదా, ఇక చెయ్యడానికి నాకేమీ కనబడలేదు. ప్రార్థన చేశాను. మా అమ్మ మూడు శుక్రవారాలు ఉపవాసం ఉంది.

తర్వాతి వారం, ముందురోజు రాత్రే లోడు ఎక్కించిన బండిలో నన్ను కాలేజీకి తీసుకెళ్తుండగా, కాలవగట్టు మీద ఎదురుగా బస్సొచ్చింది. మెట్ల మీద కూడా జనం వేలాడుతున్న బస్సు. నాన్న మా బండిని ఎడమకి తీసి, బస్సు దాటాక కుడికి తిప్పాలి. తిప్పాడు. పంపు ఒక్కసారి అరిచింది, చక్రం బిగుసుకుపోయింది. కుడిచెయ్యి లేవలేదు. ఎడంచేత్తో, రొమ్ము ఆనించి, పళ్ళు బిగించి లాగాడు. "కాళ్ళు పైకి పెట్టుకో పాపా," అన్నాడు, మామూలుగా, అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా. ముందు చక్రం గట్టు దిగి, బండి వాలి, ఒక కొబ్బరి చెట్టుకి ఆనుకుని ఆగింది. వెనక లోడు విడిపోయి కాయలన్నీ కాలవలోకి దొర్లాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నీళ్ళనిండా కొబ్బరికాయలు తేలుతూ దిగువకి పోతుంటే, పిల్లలు దూకి పట్టుకుంటున్నారు. బస్సులో వాళ్ళు దిగి, పాపం దానియేలు గారండి, చెయ్యి బాలేదండి అనుకుంటున్నారు. ఆ మాట నాన్న విన్నాడు. దిగకుండా, చక్రం మీద రెండు చేతులూ అలాగే పెట్టుకుని కూర్చున్నాడు.

రెండు రోజుల తర్వాత దొరబాబు గారు మా ఇంటికొచ్చారు. ఆయన పేటలోకి రావడం అదే మొదలు. అమ్మ కుర్చీ అరుగు కింద వేసింది. కాయలు పోయిన సంగతి ఆయన ఎత్తనే లేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. కాసేపు వానల గురించీ కాయ రేటు గురించీ మాట్లాడి, కండువాతో మొహం తుడుచుకుని, "బండిలో ఏమీ లేదంటున్నాడు దానియేలూ, మేస్త్రి. మరి ఏమంటావు?" అన్నారు.

నాన్న నేల చూస్తూ నిలబడ్డాడు. "ఆయ్. బండిలో లేదండి," అన్నాడు. "నా చేతిలోనే ఉందండి."

నేను గుమ్మం వెనక ఉన్నాను. నాన్న అబద్ధం చెబుతున్నాడనిపించలేదు. నిజంగానే అనుకుంటున్నాడు. దొరబాబు గారు ఆ పవర్ స్టీరింగు తీయించేసి మామూలు స్టీరింగు పెట్టె వేయిస్తామన్నారు. ఒకసారి నడిపి చూడు, కుదిరితే నీదే బండి అని కూడా అన్నారు. అంతకంటే మర్యాద ఎవరు చేస్తారు? వారం తర్వాత కొట్టు ఆవరణలో నాన్న బండెక్కాడు. తల దువ్వుకుని, చక్రం తుడిచి, కళ్ళు మూసుకుని తెరిచి, ఇంజను తిప్పాడు. గేటు దగ్గర మలుపు సగం తిరిగింది. తర్వాత తిరగలేదు. ఇంజను ఆపి, దిగి, తాళంచెవిని తువ్వాలుతో తుడిచి, కొత్తగా వచ్చిన డ్రైవరు చేతిలో పెట్టి, బ్రేకు కాస్త కిందకుంటదండి, చూసుకోండి అని చెప్పి వచ్చేశాడు. కాలేజీకి ఆ రోజు నుంచి నడిచి వెళ్ళాను.

అమ్మ బతిమాలితే హాస్టలు బడిలో నాన్నకి వాచ్‌మన్ పని ఇచ్చారు. రిటైరయ్యేదాకా ఆ గేటు దగ్గరే స్టూలు మీద కూర్చున్నాడు. అదే ఖాకీ, అదే దువ్విన తల. గేటు ముందు లారీ వెళ్తే ఇంజను చప్పుడుని బట్టి ఏ గేరులో ఉందో చెప్పేవాడు, ఎవరూ అడగకపోయినా. డ్రైవింగు ఎందుకు మానేశారండి అని ఎవరైనా అంటే, "చెయ్యి మోసం చేసిందండి" అనేవాడు. ఇరవయ్యేళ్ళు ఆ ఒక్క మాటే. నా డిగ్రీ, బీయీడీ, నా ఉద్యోగం, తమ్ముడి చదువు, అన్నీ ఆ స్టూలు మీదనుంచే చూశాడు. చివర్లో ఆస్పత్రిలో నర్సు సూది వెయ్యడానికి కుడిచెయ్యి పట్టుకుంటే, ఆ చెయ్యి పనికిరాదమ్మా, ఎడంది తీసుకో అన్నాడు.

ఆయన పోయిన చాలాకాలానికి, రెండేళ్ళ కిందట, మా తమ్ముడి కొడుకు తన లారీ మా ఇంటి ముందు ఆపి, బానెట్టు ఎత్తి, డబ్బా మూత తీసి నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్‌మని ఊదాడు. ఏం చేస్తున్నావురా అన్నాను. "ఈ కన్నం దుమ్ముతో మూసుకుపోతే గాలాడదు అత్తయ్యా. స్టీరింగు గుంజేస్తాది. మూత తీస్తే బాగుంటాది, పెడితే మళ్ళీ మొదలు. చాలామందికి తెలీక పంపులు మార్చేస్తారు," అన్నాడు. ఫోనులో ఎవరో హిందీలో చెబుతున్న వీడియో కూడా చూపించాడు. ఐదు నిమిషాల వీడియో. మాకప్పుడు ముగ్గురు మేస్త్రులు, మూడు శుక్రవారాల ఉపవాసం ఉండి కూడా దొరకని సంగతి ఐదు నిమిషాల్లో ఉంది. వాడు నా మొహం చూసి, ఎండలో ఎందుకు నిలబడ్డావత్తయ్యా, లోపలికెళ్ళు అన్నాడు. లోపలికెళ్ళాను. ఈ రెండేళ్ళూ నేనెవరికీ చెప్పలేదు. ఎవరికి చెప్పను? క్షమించమని అడగాల్సిన మనిషి లేడు. తెలియక చేశానని దేవుడికి చెప్పుకున్నాను, ఆయనకి ముందే తెలుసు. నాకున్న ఒకే ఒక్క ఊరట, నాన్న ఈ సంగతి తెలీకుండానే పోయాడన్నది. చెయ్యి మోసం చేసిందనుకుని పోయాడు, కన్నకూతురు చేసిందని కాదు.

ఇప్పుడీ మూత నా చేతిలో ఉంది. దీన్ని నాన్న ఎందుకు దాచాడు? పట్టుకెళ్ళి అమ్మకి చూపించాను. అమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఎనభై ఎనిమిదేళ్ళొచ్చినా కూర్చున్న చోట ఏదో ఒకటి తరగకపోతే తోచదు. మూత చేతిలోకి తీసుకుని, తిరగేసి, ముద్ద మీద వేలు పెట్టి రాసింది.

"పెట్టెలో ఉందా ఇది? పారేశారనుకున్నాను," అంది. బండికి మామూలు స్టీరింగు పెట్టె వేశాక పాత సామానంతా గోనె సంచిలో వేసి ఇంటికి పంపించారట. నాన్న ఒక పొద్దున్న కిరసనాయిలుతో ఒక్కొక్కటీ కడుగుతూ, ఈ మూత దగ్గర ఆగిపోయాడట. లోపలికొచ్చి, ఇదేంటే, సున్నం బెల్లంలా ఉంది, నువ్వు గానీ రాసేవా అని అడిగాడట. నేనెందుకు రాస్తానండి అందట అమ్మ. అప్పుడిద్దరూ చూశారట. ముద్ద మీద చిన్న బొటనవేలి అచ్చు. కన్నంలో ఊది చూసి, గాలి దాటకపోయేసరికి నాన్నకి అంతా తెలిసిపోయిందట.

మంచం పట్టె మీద కూర్చున్నాను. మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదమ్మా, దొరబాబు గారితో చెబితే మళ్ళీ బిగించేవారు గదా, అన్నాను. ఏడుపు ఆగడం లేదు. మాటలు అతుక్కుంటున్నాయి.

"చెప్తే ఎవరు పెట్టేరని అడుగుతారు గదే. మేస్త్రికి నామోషీ, నీకు మచ్చ. నీ పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయి. దీనికి తెలిసిందంటే పుస్తకం ముట్టదు, జన్మలో మనిషవ్వదు అన్నారు మీ నాన్న. నాచేత ఒట్టు వేయించుకున్నారు. ఆయన పోయేక చెప్దామా అనుకున్నాను గానీ, ఏం లాభం." ఒక చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పెట్టింది.

"నాన్నకి నా మీద కోపం రాలేదా?"

అమ్మ మూతని తిరిగి నా చేతిలో పెట్టింది.

"ఒక పూట అన్నం తినలేదు," అంది.

ఏ పూట అని అడిగితే, అంత గుర్తులేదంది. నేనూ గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాను. పరీక్షల ముందు పది రోజులు, మా వంటిల్లు, మా పీటలు. ఏ పూటా నాన్న మొహంలో తేడా కనబడ్డ గుర్తు లేదు. అమ్మ ఎక్కువ పూటలు హాస్టల్లోనే ఉండేది కాబట్టి ఆ రోజుల్లో ఇంట్లో వడ్డించేది నేనే. ఆకలి లేదు పాపా, నువ్వు తినేసి చదువుకో అని ఉంటాడు. నేను సరే అని, ఆ అన్నం కూడా కలుపుకుని తినేసి ఉంటాను.